ఈ బ్యాగు మీరే సర్దుకున్నారా?

హోటల్ వెనకభాగం, ఇస్త్రీ గది
శనివారం

ఆ కత్తులు నా బ్యాగులో పెట్టింది నువ్వు. వాటిని నలుగురి ముందు బయటికి తీసినప్పుడు ఎవరో పరాయివాడిలా బెల్టు పెట్టుకుంటూ నిలబడింది కూడా నువ్వే. "బాబాయ్, మీరంతా క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టడం ఈసారి నా చేత కాదు. ఫోను చేస్తే ఎత్తవు. అందుకే కాగితం. దీన్ని సైలెంటులో పెట్టడం కుదరదు కదా.

నువ్వు విమానం ఎక్కేశావు కాబట్టి సగమే చూశావు. మొత్తం రాస్తాను, చదువు.

అక్కకి పాప పుట్టిందని, పిన్ని ఎలాగూ పురిటికి ముందే వెళ్లిందని, మనిద్దరం కలిసి వెళ్దామని, ముందురోజే వచ్చావు. నా గది అగ్గిపెట్టెంత. అందుకని సూపర్‌వైజరమ్మని బతిమాలి, పనివాళ్ల చుట్టాలకిచ్చే గది ఒకటి మా హోటల్లోనే నీకు ఇప్పించాను. "మా బాబాయి లెక్కల మేష్టారండీ, పరీక్ష హాల్లో అడుగుపెడితే పిల్లల చేతుల్లోంచి చీటీలు వాటంతటవే రాలిపోతాయి" అని మెడ సాగదీసి మరీ చెప్పాను. ఆవిడ నవ్వి తాళం ఇచ్చింది. సాయంత్రం కింద భోజనాల హాల్లో నీకు భోజనం. నీ ఒళ్లో పరుచుకున్న గుడ్డ నేను ఇస్త్రీ చేసిందే.

పొద్దున ఎయిర్‌పోర్టు తూకం మీద నీ చేతిసంచి పెడితే ఏడు కిలోలు దాటింది. "మనిషి ఏనుగంత ఉన్నా వీళ్లకి పట్టదు, సంచి మాత్రం పస్తులుండాలి" అన్నావు. వెనకున్న వాళ్లు కూడా నవ్వారు. "నీ బ్యాగులో చోటుందిగా, రెండు సామాన్లు అందులో వేస్తా. నువ్వెళ్లి ఆ సీసాలో నీళ్లు పారబోసి రా, లోపలికి రానివ్వరు" అన్నావు. వెళ్లాను. మనింట్లో ఎవరి సంచి ఎవరిదని ఎప్పుడు చూశాం? నీ స్వెట్టరు నా సంచిలో, నా చెప్పులు పిన్ని సంచిలో, అక్క పుస్తకాలు అందరి సంచుల్లో. అలాగే పెరిగాను.

కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది. "ఈ బ్యాగు మీరే సర్దుకున్నారా?"

అవునన్నాను. నువ్వూ అవునన్నావు. అందరూ అదే అంటారు.

తర్వాత సోదా దగ్గర సామాన్లు మోసే బెల్టు ఆగింది. నా బ్యాగు ఎక్స్‌రే పెట్టెలోకి వెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లింది. గ్లౌజులు వేసుకున్నావిడ జిప్పు లాగి పాప కోసం నేను కుట్టిన చొక్కాలు తీసింది. నా లోబట్టలు తీసి ట్రేలో పెట్టింది, క్యూ అంతా చూస్తుండగా. అడుగున ఒక మూట. మా హోటల్ గుడ్డ. మడత కూడా నాదే, నా మడత నాకు తెలీదా! విప్పితే నాలుగు కత్తులు. చెక్క పిడి, రంపంలా పళ్లు, పిడి మీద మా హోటల్ గుర్తు.

"ఎవరివివి?"

నీ వైపు చూశాను. నువ్వు అవతల ట్రేలోంచి బెల్టు తీసుకుని ఒక్కో కన్నానికీ కొక్కెం పెట్టి చూసుకుంటున్నావు, ఆ నడుము అప్పుడే అద్దెకి తెచ్చుకున్నట్టు.

"నావి కావు."

"కౌంటర్లో మీరే సర్దుకున్నానన్నారుగా?"

నీ పేరు నేను చెప్పలేదు. భయపడి కాదు. నేను చెప్తే నువ్వు దొంగవి. నీ అంతట నువ్వు చెప్తే పొరపాటు చేసిన పెద్దమనిషివి. ఆ సందు నీకిద్దామని నోరు మూసుకున్నాను. నువ్వు బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగావు. లేచి అలా నడిచి వెళ్లిపోయావు, వెనక్కి కూడా చూడకుండా.

పిడి మీద గుర్తు చూసి వాళ్లు హోటల్‌కి ఫోను చేశారు. నన్ను తీసుకెళ్లడానికి సూపర్‌వైజరమ్మే వచ్చింది. కారులో దారంతా నా బ్యాగు తన ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇదేంటో నాకు చెప్పు.


అక్క వాళ్ల ఇల్లు, వెనక గది

మా చిటపటకి బాబాయి ఆశీస్సులు.

అమ్మడూ, నీ ఉత్తరం విప్పగానే చెయ్యి కాలిందే! పోస్టువాడు దీన్ని ఎలా మోసుకొచ్చాడో పాపం.

ముందు మంచి మాట. పాప బంగారంలా ఉంది. కోపం ముక్కు మీదే ఉంది, అచ్చం నీ పోలిక. పాలు ఒక్క క్షణం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తోంది. నువ్వు కుట్టిన చొక్కాలు రాలేదని మీ అక్క చిన్నబుచ్చుకుంది. వీలు చూసుకుని పంపించు.

ఇక ఆ సంగతి. ఈ విమానాల వాళ్ల రూల్సు ఎవరు రాస్తారో కానీ, వాళ్లకి పని తక్కువ. గోళ్లు తీసుకునేది పట్టుకుపోవచ్చట, పళ్లెం పక్కన పెట్టే కత్తి మాత్రం కూడదట. నీళ్లు రాకూడదు, ఖాళీ సీసా రావచ్చు. నా పక్క సీటాయన పచ్చడి సీసా లాక్కున్నారని దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. ఆ కత్తులకి పదునెక్కడిది? వాటితో వెన్న కూడా తెగదు.

ఆ మూట నీ బ్యాగులోకి ఎలా వచ్చిందో నేనూ ఆలోచిస్తున్నాను. హడావిడిలో ఏ సామాను ఎందులో పడుతుందో ఎవరికెరుక? నిన్ను కాసేపు ప్రశ్నలడిగి వదిలేస్తారని, తర్వాతి విమానంలో వచ్చేస్తావని అనుకున్నాను. ఇద్దరం ఆగిపోతే ఇక్కడ ఏం చెప్పుకుంటాం? అక్క అత్తగారూ మావగారూ అప్పటికే నా కోసం ఎదురుచూస్తున్నారాయె.

ఒక ఉపాయం చెప్తాను, కోప్పడకుండా విను. మాసిన గుడ్డల్లో చెంచాలూ కత్తులూ చుట్టుకుని మీ గదికి వచ్చేస్తుంటాయని నువ్వే ఒకసారి అన్నావు. ఇదీ అలాగే వచ్చి నీ సంచిలో పడిందని చెప్పు. ఎవరు కాదంటారు? రెండు రోజులు గొణిగి వాళ్లే మర్చిపోతారు. గోరంత వస్తువుకి కొండంత రగడ దేనికి?

నీకు అనుకోకుండా డ్యూటీ పడిందని ఇక్కడ చెప్పాను. అక్క ఫోను చేస్తే నువ్వూ అదే చెప్పు. మాట తేడా రాకూడదు.

ఒంట్లో జాగ్రత్త.

బాబాయి


హోటల్ అడుగు అంతస్తు, మాసిన బట్టల గది

"ఎలా వచ్చిందో" అట! కత్తులకి కాళ్లొచ్చాయా బాబాయ్? గుడ్డ కప్పుకుని, ముడి వేసుకుని, నా జిప్పు తీసుకుని, పాప చొక్కాల కింద దూరి పడుకున్నాయా? పరీక్షలో ఏ పిల్లాడైనా "చీటీ జేబులోకి ఎలా వచ్చిందో తెలీదు సార్" అంటే ఏం చేసేవాడివి? చెవి మెలిపెట్టి హాలు బయట నిలబెట్టేవాడివి. ఆ కథలు అన్నం తినేటప్పుడు మాకు నవ్వుతూ చెప్పేవాడివి. మేమూ నవ్వేవాళ్లం. ఆ పిల్లాడికి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

నీ ఉపాయం నాకు పనికిరాదు. అది మాసిన గుడ్డ కాదు, మచ్చ లేని ఇస్త్రీ గుడ్డ. అదొక్కటే కాదు. నేను అబద్ధం చెప్పను.

ఉత్తరం పైన రాసిన చోటు చూశావా? నన్ను ఇస్త్రీ గదిలోంచి తీసేశారు. తేలేదాకా కింద మాసిన బట్టలు ఏరాలట. ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు, వాంతి చేసుకున్న తువ్వాళ్లు. దానికి నాకేం లేదు, పని పనే. పక్కన ఎవరూ నిలబడకపోవడమే బాధ. ఇన్నాళ్లూ నాతో చాయ్ పంచుకున్న ఇస్త్రీ తాత నిన్న నన్ను చూసి పళ్లసెట్టు తీసి జేబులో దాచుకున్నాడు. "దీన్ని మాత్రం వదిలెయ్యవే, నమలడానికి ఇదొక్కటే దిక్కు" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజమనుకుంటారని. తర్వాత దుప్పట్ల గుట్ట వెనక్కి వెళ్లి కూర్చున్నాను. తాత వచ్చి "ఊరికే అన్నానే" అన్నాడు. అతను ఊరికే అన్నాడని నాకూ తెలుసు. ఊరికే అన్నదే గుచ్చుకుంటోంది.

అది కాదు అసలు సంగతి. అసలు సంగతి చెంచా.

నా అలమర వెతికారు. ఏమీ లేదు. అన్నం డబ్బా తెరవమన్నారు. తెరిచాను, ఏముంటుంది అందులో అని ధీమాగా. సూపర్‌వైజరమ్మ చెంచా తీసి, తిప్పి, వెనకవైపు చూసింది. "ఇదెక్కడిది?" అంది.

నేను ఇల్లు వదిలి పనికి వచ్చేటప్పుడు నువ్విచ్చిన చెంచా బాబాయ్. "ఇది నీ సొంతం, ఎవరికీ ఇవ్వకు" అని కాగితంలో చుట్టి ఇచ్చావు. కాడ మీద చిన్న పువ్వు, కింద రెండక్షరాలు. అది చేసిన వాళ్ల పేరనుకున్నాను. అది ఇంకో హోటల్ గుర్తట. ఆవిడ ఇక్కడికి రాకముందు అక్కడే పనిచేసిందట. "మా బాబాయి ఇచ్చారు" అన్నాను. ఆవిడ నన్ను చూసి, చెంచాని చూసి, "అన్నీ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు నీకు" అంది.

ఆ మాటతో నాకు మనిల్లంతా కళ్ల ముందు తిరిగింది. మనింట్లో ఒక చెంచాకి ఇంకో చెంచా జత కుదరదు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకదాని మీద కిరీటం, ఒకదాని మీద పక్షి రెక్క. అక్కా నేనూ పక్షి రెక్క చెంచా కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. అది విమానంలోది కదూ? పిన్ని వాటి వెనకవైపు పీచుతో అరిగిపోయేలా రుద్దేది. గిన్నెల కంటే చెంచాల మీద ఈవిడకి ఇంత కసి ఏమిటా అనుకునేదాన్ని. ఆవిడ శుభ్రం చేయడంలేదు. చెరిపేస్తోంది.

నాన్న పోయాక నన్ను ఇంటికి తెచ్చుకుని మొదటి ముద్ద పెట్టింది ఆ చెంచాలతోనే. నాకు సిగ్గేస్తోంది. నీ గురించి సిగ్గు, ఆ ముద్ద మర్చిపోయి నీ మీద కేకలేస్తున్నందుకు ఇంకో సిగ్గు. ఏది ఎక్కువో తెలీట్లేదు. ఇప్పుడు మధ్యాహ్నం తినడం మానేశాను. డబ్బా తెరిస్తే నలుగురూ తొంగిచూస్తున్నారు.

అక్క ఫోను చేసింది. "పాపని చూడటానికి కూడా తీరికలేని పనా అది? దుప్పట్లు ఎక్కడికీ పారిపోవు గానీ చెల్లెలే పారిపోయింది" అని ఏడ్చింది. డ్యూటీ పడిందని చెప్పాను. పైన అబద్ధం చెప్పనన్నాను కదా, ఇదిగో, ఒకటి చెప్పించావు.

వచ్చే నెల మొదటి గురువారం మేనేజరు దగ్గర విచారణ. కత్తులు ఎవరు తీశారో తేలాలి. తేలకపోతే నేనే తీశానని సంతకం పెట్టి వెళ్లిపోవాలి. ఆ సంతకం పెట్టాక ఇక ఏ హోటలూ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. బడి మానేసిన నాకు వచ్చిందీ, నా అంతట నేను నేర్చుకుందీ ఈ ఒక్క పనే. అతిథులు వదిలేసిపోయిన పుస్తకాలు పెట్టుకుని నాలుగు ముక్కలు రాయడం కూడా ఆ ఇస్త్రీ బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

మేనేజరుకి ఒక్క ఉత్తరం రాయి. జోకులు వద్దు.


ఇంట్లో, వంటింటి బల్ల

అమ్మా,

మేం ఇంటికి వచ్చేశాం. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పిన్నికి చూపించకూడదనుకున్నాను. తనే తీసి చదివింది.

నువ్వు నా వైపు చూడటం నేను చూశాను. బెల్టు మొదటి కన్నానికే సరిపోయింది.

ఆ సాయంత్రం మీ హాల్లో నన్ను వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా కుర్చీకి తగిలేది. హాలు సగం ఖాళీగానే ఉంది. కిటికీ పక్కకి మారనా అని అడిగితే, వడ్డించే కుర్రాడు నా చొక్కా కాలరు చూసి "స్టాఫ్ వాళ్లది ఇక్కడేనండీ" అన్నాడు. పక్క బల్లలు తుడుస్తూ కత్తులు ట్రేలో పెట్టి వెళ్లాడు. నా చెయ్యి వెళ్లింది. నాకు కావాలని కాదు. వాటిని నేనేం చేసుకుంటాను? ఆ చోటునుంచి ఉత్త చేతులతో లేవకూడదనిపించింది. ఎప్పుడూ అంతే. ఎక్కడ నన్ను తక్కువ చేసినట్టుంటే అక్కణ్నుంచి ఏదో ఒకటి నాతో వచ్చేస్తుంది.

మేనేజరుకి రాద్దామని కూర్చున్నాను. 'అయ్యా' అని రాసి, కొట్టేసి, 'గౌరవనీయులైన' అని రాసి, అదీ కొట్టేశాను. మా బడి పిల్లలు ఈ ఊళ్లో ప్రతి కొట్లోనూ ఉన్నారు. కూరలు కొనబోతే లేచి నిలబడతారు. నావల్ల కాదమ్మా. పిరికివాణ్ని అనుకో.

బాబాయి

(అదే కాగితం వెనక, పిన్ని చేతిరాత)

ఏమే,

ఈయన మూడు రోజులుగా గడప దాటలేదు. చెంచాలన్నీ ఒక డబ్బాలో వేసి అటక మీద పెట్టాడు, నేను పప్పు గరిటెతో వడ్డిస్తున్నాను. ఆయన చేసింది తప్పు కాదని నేననను. పెళ్లయిన కొత్తలో ఎంత గొడవపడ్డానో గోడలకి తెలుసు. తర్వాత నోరు కట్టేసుకుని పీచు పట్టుకున్నాను.

అడగకూడనిది అడుగుతున్నాను. ఆ సంతకం పెట్టెయ్యి. నువ్వు చిన్నదానివి, చేతిలో పనుంది, రెక్కలున్నాయి. ఇంకో ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది. ఈ వయసులో ఆయనకి ఇంకో పేరు ఎక్కడ దొరుకుతుంది? అక్క అత్తగారింట్లో ఈ మాట పొక్కితే అది తలెత్తుకుంటుందా? నీకూ మా కడుపున పుట్టిన దానికీ ఏనాడైనా తేడా చూశామా? అది గుర్తుంచుకో, చాలు.

స్వెట్టరు అల్లి పంపుతున్నాను. ఆ అడుగు అంతస్తు చలిగా ఉంటుందని విన్నాను.

పిన్ని


మాసిన బట్టల గది
శుక్రవారం

నన్ను దొంగనని ఒప్పుకోమని అడిగారు. ఆ అడిగింది కూడా స్వెట్టరులో చుట్టి పంపారు. మన ఇంటి పద్ధతే ఇంత కాబోలు, ఏదైనా ఒక గుడ్డలో చుట్టి పక్కవాళ్ల సంచిలో పెట్టడం.

పిన్నీ, ముందు నీకు. ఆయనకి ఇంకో పేరు దొరకదంటున్నావు. నాకూ ఒకటే ఉంది. అదీ ఇంకా చిన్నది, ఇప్పుడిప్పుడే పలుకుతున్నారు. తేడా చూశామా అని అడిగావు. ఇన్నాళ్లూ చూడలేదు, నిజం. ఈ ఉత్తరంలో చూశావు. అక్క తలెత్తుకోవాలని నన్ను తల దించుకోమన్నావు. స్వెట్టరు వేసుకున్నాను. వెచ్చగానే ఉంది. అది వేసుకుని ఇది రాయడానికి నాకు ముఖం చెల్లట్లేదు, అయినా రాస్తున్నాను.

బాబాయ్, ఇక నీకు.

వంటగది తలుపు పక్క బల్ల నాకు తెలుసు. దాని మీద గుడ్డ పరిచేది నేనే. పనివాళ్ల చుట్టాల్ని అక్కడే కూర్చోబెడతారని కూడా తెలుసు. ముందే చెప్తే నువ్వు హోటల్‌కే రావని, నా గొప్ప నీకు కనిపించదని చెప్పలేదు. "మా బాబాయి మేష్టారు" అని ఊరంతా చాటాను గానీ, "ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి" అని ఒక్కరినీ అడగలేదు. అడిగితే నన్నెక్కడ తక్కువగా చూస్తారోనని. నీ ఉత్తరం చదివాక ఆ తలుపు చప్పుడు నా వీపుకి తగులుతోంది. ఆ కుర్చీ సిగ్గు నాది. నేను మోస్తాను. కత్తుల సిగ్గు మాత్రం నీది. అది నా బ్యాగులో పట్టదు.

నీ పేరు నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. "ఎవరో తెలుసు, ఆయనే వచ్చి చెప్తారు" అన్నాను. మేనేజరు నవ్వాడు. సూపర్‌వైజరమ్మ నవ్వలేదు. "వస్తే ఆ పెద్దాయనకి కుర్చీ నేనే వేస్తాను" అంది. ఆవిడకి అర్థమైందనుకుంటాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఉత్తరం వద్దు, ఆ రోజులు అయిపోయాయి. నువ్వే రా. గురువారం పొద్దుటి విమానానికి. రాత్రి నీ బ్యాగు నువ్వే సర్దుకో, పిన్ని చెయ్యి పెట్టకూడదు. అటక మీద డబ్బా దించి చెంచాలన్నీ బ్యాగులో వేసుకో, పక్షి రెక్కది కూడా. చేతిసంచిలోనే తెచ్చుకో. ఆ రూల్సన్నీ ఇక్కడ కూర్చుని చదివాను, కత్తులే కూడవు, చెంచాలు తేవచ్చు. బరువెక్కువైతే చొక్కాలు తీసెయ్. బెల్టు దగ్గర బ్యాగు ఆపుతారు. జిప్పు లాగుతారు. ఒక్కొక్కటే తీసి ట్రేలో పెడతారు. క్యూ అంతా చూస్తుంది. నీ బడి పిల్లలు కూడా ఉండొచ్చు. చూడనీ. నేను బతికే ఉన్నాను కదా, నువ్వూ బతుకుతావు.

అంతకంటే ముందు కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా అడుగుతుంది, బ్యాగు మీరే సర్దుకున్నారా అని. అవును, నేనే అను. గట్టిగా, ఆ అమ్మాయి తల ఎత్తి చూసేలా అను. అక్కడ అనగలిగితే మా మేనేజరు గదిలో కూడా అనగలవు. మాట ఒకటే.

గదిలో నీ పక్కనే నిలబడతాను. అటు తిరిగి బెల్టు సర్దుకోను.

నువ్వు రాకపోతే నేనే చెప్తాను. మా బాబాయి, లెక్కల మేష్టారు, నన్ను పెంచినాయన అని మొత్తం చెప్తాను. తల దించుకునే చెప్తాను, కానీ చెప్తాను. సంతకం మాత్రం పెట్టను.

వస్తావో రావో సోమవారం సాయంత్రం లోపు నాకు తెలియాలి. ఫోను చెయ్యి, నేను ఎత్తుతాను.